పిట్ట ముట్టని విస్తరి

సిరిసిల్ల,
10 ఫిబ్రవరి 1979

తమ్ముడు కొండల్‌కు,

అక్క అనసూర్య దీవెనలు. నస్పూర్ బొగ్గుబాయిలో పని కుదిరిందన్న నీ ఉత్తరం అందింది. నీ అక్షరాలు చూస్తే బాయి లోపల కూర్చుని రాసినట్టున్నాయి. సగం చదివి సగం ఊహించుకున్నాను. మీ బావ మాత్రం అంతా చదివి "మంచిగనే ఉన్నడట" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయన సంగతి నీకు కొత్త కాదు కదా. సాంచెల చప్పుడులో పుట్టి పెరిగిన మనిషి. కరెంటు పోయి ఊరంతటి సాంచె మగ్గాలు ఆగినా ఆయన నోరు తెరుచుకోదు.

నీకు చెప్పవలసిన ముచ్చట ఒకటుంది. నూలుకు రంగులద్దే సిద్దిరాములు ఇక లేడు. మన చిన్నప్పుడు పతంగులకు రంగు దారం ఇచ్చేవాడు చూడు, ఆయనే. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగుతో తిరిగేవాడు. సోమవారం తెల్లవారి మానేరు వాగులో, ఇసుక మీద, తల పగిలి పడి ఉన్నాడు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఈ పూటకు ఎవరికీ తెలియదు. ఆరేయవలసిన ఎర్రనూలు నీళ్లలోనే ఉండిపోయింది. అందులోంచి రంగు దిగి వాగు చాలా దూరం ఎర్రగా పారింది. కింద బట్టలుతికే వాళ్లు భయపడి పరుగెత్తుకొచ్చారు. ఎక్కడిదాకా రంగో, ఎక్కడినుంచి నెత్తురో చెప్పగలిగినవాడు లేడు.

ఇక ఆనాటి నుంచి ఊరికి నిద్ర లేదు. వేములవాడ నుంచి, కామారెడ్డి నుంచి బస్సులు దిగి మరీ వస్తున్నారు. ఆ ఇసుక చూసి, ఆయన తల పగిలిన రాయి చూసి, పల్లి బుడ్డలు కొనుక్కుని తింటూ పోతున్నారు. ఎవరికి వారు ఇంటి దగ్గరినుంచే ఒక హంతకుణ్ణి తయారు చేసుకుని వస్తున్నారు. చచ్చినవాని కండ్లు చారెడు అన్నట్టు, బతికుండగా ఆయన్ను పలకరించని వాళ్లు కూడా ఇప్పుడు మా ప్రాణం ఆయనే అంటున్నారు.

పొద్దున నల్లా దగ్గర మాకు కలల ముచ్చట్లే. ఒకరికి ఆయన కలలో వచ్చి నూలు అడిగాడట. ఒకరికి తలుపు దగ్గర నిలబడి చేతులు చూపించాడట. నాకూ వచ్చింది. వాగు ఎర్రగా పారుతోంది. నేను తెల్లచీర ముంచి తీస్తే అది తెల్లగానే వచ్చింది. చాలాసేపు ముంచుతూనే ఉన్నాను. మెలకువ వచ్చాక కూడా చేతులు తడిగా ఉన్నట్టే అనిపించింది.

మూడో నాడు పిట్టకు పెట్టారు. మోదుగాకు విస్తరిలో అన్నం, కూర, ఆయనకిష్టమైన కల్లు. దేవవ్వ, పాపం, మొగుడికి ఏమేం ఇష్టమో అన్నీ వండింది. కాకి రాలేదు. పొద్దెక్కేదాకా చూసి ఆవుకు పెట్టేశారు. హంతకుడి పేరు చెప్పేదాకా సిద్దిరాములు ముట్టడని ఊరు తీర్మానించింది.

నువ్వు వేళకు తిను. బాయిలో జాగ్రత్త.

నీ అక్క

*

నస్పూర్,
16 ఫిబ్రవరి 1979

అక్కకు, బాలమల్లు బావకు శనార్థులు.

నీ ఉత్తరం అందినప్పుడు నేను నిద్రలో ఉన్నాను. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకుంటాం. కిటికీకి తడిగోనె కట్టుకుంటే గది వాగు అడుగులా ఉంటుంది. ఇక్కడ పగటికీ కలకూ పెద్ద తేడా లేదు. నీ ఉత్తరం చదివి మళ్లీ పడుకుంటే నాకు ఎర్రనీళ్లే కనిపించాయి.

మా గదిలో నలుగురం. అంజన్న అని ఒకడున్నాడు, వాళ్ల అత్తగారిది సిరిసిల్లే. నీ రాత బాగుంటుందని మెచ్చుకున్నాడు. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు, బొగ్గు మీద కూర్చుని సద్ది తినేటప్పుడు ఇప్పుడు మాకు సిద్దిరాములు ముచ్చటే. మా షిఫ్టులో ఇప్పటికి ముగ్గురు హంతకులు తేలారు. లోపలి చీకట్లో దీపాలార్పుకుని ఆ కథ వింటుంటే ఎంత హాయిగా భయమేస్తుందో నీకు చెప్పలేను.

పదో నాటి ముచ్చట తప్పకుండా రాయి. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, కాకి ఏం చేసింది, ఏదీ విడిచిపెట్టకు. బావ ఆయనతో చాలా దగ్గర కదా, బావ ఏమంటున్నాడు?

నీ తమ్ముడు
కొండల్

*

సిరిసిల్ల,
24 ఫిబ్రవరి 1979

తమ్ముడు కొండల్‌కు దీవెనలు.

నీ అక్క క్షేమం అడగడం మరిచి కాకి క్షేమం అడిగావు. ఫరవాలేదు, కాకి క్షేమమే.

పదో నాడు మానేరు ఒడ్డున జాతర అనుకో. కొండగట్టుకు పోవలసిన జనం దారి తప్పి ఇటు వచ్చారా అనిపించింది. చెట్లెక్కారు, బండ్లెక్కారు. విస్తరి చుట్టూ ఎంత దగ్గరగా మూగారంటే దేవవ్వకు మొగుడి విస్తరి కనబడటం లేదు. కాకులు మాత్రం దూరంగా తాటిచెట్టు మీద కూర్చున్నాయి. అందరూ ఒక్కొక్కరే వచ్చి చేతులు జోడించి మాటిచ్చారు. పిల్లలను సాదుతామన్నారు, హంతకుణ్ణి పట్టిస్తామన్నారు. ఒక్కో మాటకు జనం తలెత్తి తాటిచెట్టు వైపు చూడటం, మళ్లీ దించుకోవడం. ఎండ నడినెత్తికి వచ్చింది.

అప్పుడు మీ బావ లేచాడు. ఎన్నడూ నలుగురిలో ముందుకు రాని మనిషి. భుజం మీది తువ్వాల తీసి, "జర వెనకకు జరుగుండ్రి" అని పిల్లాపెద్దా అందరినీ ఒడ్డు మీదికి తోలాడు. తర్వాత ఒక్కడే విస్తరి దగ్గర గొంతుక్కూర్చుని, నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని ఏదో అన్నాడు. లేచి వచ్చేశాడు. ఆయన ఇటు తిరిగాడో లేదో ఒక కాకి దిగి ముద్ద ఎత్తుకుపోయింది.

దేవవ్వ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కానీ జనం ఏడవలేదు. అందరూ మీ బావ వైపు తిరిగి చూశారు. ఆ చూపులు నాకు నచ్చలేదు. "బాలమల్లు ఏమన్నడు?" ఇప్పుడు ఊరందరిదీ అదే ప్రశ్న. ఇంటికొచ్చాక నేనూ అడిగాను. "ఏం లేదు" అన్నాడు. రెండోసారి అడిగితే నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టాడు.

ఇంకొకటి నీకొక్కడికే రాస్తున్నాను. సిద్దిరాములు పోయిన ముందునాటి సాయంత్రం మీ బావ ఆయనకు ఎర్రనూలు పిండటంలో సాయం చేసి, మణికట్ల దాకా ఎర్రచేతులతో ఇంటికి వచ్చాడు. సబ్బుతో రుద్దినా పోలేదు. ఆ చేతులతోనే అన్నం తింటుంటే పిల్లలు నవ్వారు. మన వాడలో రంగు అంటని చేతులెవరివి? కానీ ఈ రోజుల్లో ఇది ఎవరికీ చెప్పదగిన ముచ్చట కాదు. కుండకు మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి నోటికి పెట్టలేం.

నీ అక్క

*

నస్పూర్,
4 మార్చి 1979

అక్కకు శనార్థులు.

నీ ఉత్తరం వచ్చిన నాడు మా క్వార్టర్ ముందర మంచాలు చాలలేదు. పక్క క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చారు. అందరూ మనవాళ్లే, పరాయివాళ్లెవరూ లేరు. బావ తువ్వాల అడ్డం పెట్టుకున్న చోటికి వచ్చేసరికి అందరూ మంచాల అంచులకు జరిగారు. నాకు ఎంత గర్వంగా ఉందో! ఇన్నాళ్లూ ఇక్కడ నన్ను నేతపోరడని పిలిచేవాళ్లు, ఇప్పుడు బాలమల్లు బామ్మర్ది అంటున్నారు.

బావ ఆ మాట నీకు కూడా చెప్పకపోవడం ఏం బాగాలేదు. దాయడానికి ఏదో ఉంటేనే కదా దాచేది? తప్పుగా అనుకోకు. అంజన్న అన్న మాట ఇది. ఒకవేళ బావకు హంతకుడెవరో తెలిసి, ఆ పేరే కాకికి చెప్పాడేమో. నిమ్మళంగా అడిగి చూడు.

మొన్న పగటినిద్రలో నేనే కాకినైనట్టు కల వచ్చింది. బావ నాకేదో చెబుతున్నాడు, నాకు మాత్రం సాంచెల చప్పుడే వినిపించింది.

అంజన్న ఈ వారం అత్తగారింటికి వస్తున్నాడు. పిల్లలకు వాడితో బిస్కెట్లు పంపుతున్నాను.

కొండల్

*

సిరిసిల్ల,
11 ఏప్రిల్ 1979

కొండల్‌కు,

బిస్కెట్లు అందాయి. వాటి వెంట ఇంకా చాలా అందాయి.

అంగడినాడు శారదకథ వాళ్లు తంబుర మీటుతూ సిద్దిరాములు కథ చెప్పారు. నేను కూరగాయల గంప పట్టుకుని ఆగాను. మంచి గొంతు, నేనూ తల ఊపుతూ విన్నాను. అందులో ఒక స్నేహితుడు ఉన్నాడు. వాడు ఎర్రచేతులతో ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకుంటాడు. రంగు పోదు. ఆ చేతులతోనే అన్నం తింటుంటే పిల్లలు నవ్వుతారు.

పిల్లలు నవ్విన ముచ్చట ఈ లోకంలో నేను ఒక్కరికే రాశాను తమ్ముడూ. ఇంటిగుట్టు లంకకు చేటు అని మన అవ్వ అంటుంటే నువ్వు నవ్వేవాడివి. ఇప్పుడు లంక నా ఇల్లే.

మరునాడే మీ బావను ఠాణాకు పిలిచారు. రెండు రోజులు ఉంచుకున్నారు. నేను, దేవవ్వ బయట చెట్టు కింద కూర్చున్నాం. దేవవ్వ తనంతట తనే వచ్చింది, "నా పెనిమిటికి నూలు పిండినోడు నా పెనిమిటిని చంపుతడా" అని అందరికీ వినపడేటట్టు అంది. ఆమె మాట ఎవరికీ రుచించలేదు. ఆ కథలో ఆమెకు అలాంటి మాట లేదు మరి. ఠాణా వాళ్లు ఏమీ దొరకక పంపించారు గానీ ఊరు పంపించలేదు. నూలు ఇచ్చే సేట్ ఇక ఇవ్వనన్నాడు. మా రెండు సాంచెలు ఆగిపోయాయి. మా పెద్దోణ్ణి బడిలో పిల్లలు చేతులు చూపించమంటున్నారట.

అన్నిటికంటే పెద్ద బాధ వేరే ఉంది. మొన్న నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, "నాకన్న చెప్పు, ఏమన్నవు గా కాకితోని?" అని అడిగాను. ఆయన నా వైపు చూశాడు. "నువ్వు గూడనా?" అన్నాడు. అంతే.

అవును, నేను కూడా. ఆయన పడుకుంటే నేను ఆయన చేతులు చూస్తున్నాను. ఇరవై ఏళ్లు కాపురం చేసిన చేతులు. నన్ను ఈ గతికి తెచ్చినవాడివి నువ్వు.

అనసూర్య

*

నస్పూర్,
18 ఏప్రిల్ 1979

అక్కా,

ఉత్తరాలు చదివింది నేనే, పైకి చదివాను. ఎర్రచేతుల దగ్గర ఆగుదామనే అనుకున్నాను. అందరూ నా నోటివైపు చూస్తున్నారు. అట్లా నన్నెవరూ ఎన్నడూ చూడలేదు. ఆగలేకపోయాను.

అంజన్నతో మాటలు బంద్ చేశాను. వాడు "కథ మంచిగుందని చెప్పిన, గంతే" అంటున్నాడు. నేను చేసింది కూడా అదే కదా, వాణ్ణి ఏమని తిట్టను? సెలవు పెట్టి వస్తాను. బావ కాళ్ల మీద పడతాను. ఠాణాకు పోయి చెబుతాను. రమ్మని ఒక్క కార్డు ముక్క రాయి.

కొండల్

*

సిరిసిల్ల,
2 మే 1979

కొండల్‌కు,

రావద్దు. నువ్వొస్తే నస్పూర్ నుంచి బామ్మర్ది వచ్చాడని మళ్లీ కథ మొదలవుతుంది. మీ బావకు నీ మీద కోపం లేదు. "పోరడు, ఏం తెలుస్తది" అన్నాడు. కోపమంతా నాదే. అది నా దగ్గరే ఉండనీ.

మేము వేరేవాళ్ల నూలుకు కండెలు చుట్టి బతుకుతున్నాం. ఆకలి లేదు. ఫికర్ చేయకు.

అనసూర్య

*

నస్పూర్,
9 నవంబర్ 1986

అక్కకు, బావకు శనార్థులు.

ప్రతి దసరాకు నేను రాస్తున్నాను, నువ్వు క్షేమమని ఒక వాక్యం రాస్తున్నావు. ఆ వాక్యం కోసమే మళ్లీ దసరా దాకా ఎదురుచూస్తాను. పాపకు రెండేళ్లు నిండాయి. నవ్వితే అచ్చం నువ్వే.

నీకు ఒకటి చెప్పాలి. పోయిన వారం మంచిర్యాల అంగట్లో శారదకథ వాళ్లు కనిపించారు. సిద్దిరాములు కథే. ఇప్పుడది చాలా పెద్దదైంది. వాగు ఏడు రోజులు ఎర్రగా పారుతుంది, కాకి మనిషి గొంతుతో మాట్లాడుతుంది. బావ పేరు మార్చారు, చేతులు మాత్రం అవే. లేచి వెళ్లిపోవాలనుకున్నాను అక్కా. పాపను ఎత్తుకుని కథ అయిపోయేదాకా నిలబడ్డాను. కాకి నోరు తెరిచినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది కూడా. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

బావ ఎన్నడైనా చెప్పాడా? వద్దు, రాయకు. అడిగినందుకు క్షమించు.

నీ తమ్ముడు
కొండల్

*

సిరిసిల్ల,
27 ఆగస్టు 1991

తమ్ముడు కొండల్‌కు,

అక్క దీవెనలు. నువ్వు రాలేకపోయినందుకు బాధపడకు. వానలకు దారులు తెగి బస్సులు బందయ్యాయని మాకు తెలుసు. టెలిగ్రాం కూడా నీకు చాలా ఆలస్యంగా అందిందట. మీ బావ నిమ్మళంగానే పోయాడు. ఆ ముచ్చటంతా నీకు రాయాలని ఇవాళ తీరిక చేసుకుని కూర్చున్నాను. బయట ముసురు. సాంచెల చప్పుడు కూడా వానలో నానినట్టు మెత్తగా వినిపిస్తోంది.

పోయే ముందునాడు మీ బావ నన్ను దగ్గరకు పిలిచాడు. "అడుగుతివి గద" అన్నాడు. ఇన్నేళ్లకు! నేను అడగడం మానేసి ఎంత కాలమైంది! "ఇగ ఆయన దగ్గరికే పోతున్న. ఇప్పుడు చెప్తె మాట తప్పినట్టు కాదు" అని చెప్పాడు.

ఆనాడు విస్తరి దగ్గర కూర్చుని ఆయన అన్నది ఇదీ. "అన్నా, గీ జనాన్ని నేను పంపిస్త. నువ్వు నిమ్మలంగ తిను. నీ ముచ్చట నా నోట రాదు."

అంతే తమ్ముడూ. పేరు లేదు, గుట్టు లేదు. ఎవరు చంపారో ఆయనకూ తెలియదు. చచ్చిన మనిషి చుట్టూ మూగి బుడ్డలు తింటుంటే చూడలేకపోయాడు. ఊరందరి నోట సిద్దిరాములు నానుతున్నాడని, తన ఒక్క నోటినైనా ఆయనకు విడిచిపెట్టాడు. "మరి నాకన్న చెప్పకపోతివి" అని ఏడిస్తే, "నీకు చెప్తె నువ్వు తమ్మునికి రాస్తవు" అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వుకు నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. నువ్వూ నేనూ ఆయన ముందర ఒకటే.

మూడో నాడు పిట్టకు పెట్టాం. వాన కాసేపు తెరిపిచ్చింది. వాగు ఒడ్డుకు పోయేసరికి జనం! పన్నెండేళ్ల కిందట చెట్లెక్కిన వాళ్లు వచ్చారు. అప్పటికి పుట్టని వాళ్లు కూడా వచ్చారు. అందరూ ఆ కథలో పెరిగినవాళ్లే. బాలమల్లు విస్తరి కాకి ముట్టదని, ముట్టకపోతే నేరం ఒప్పుకున్నట్టేనని ముందే అనుకుని వచ్చారు. మళ్లీ అట్లాగే విస్తరి మీద పడి మూగారు. నీడ పడి అన్నం నల్లగా కనిపిస్తోంది. మా పెద్దోడు చేతులు జోడించి నిలబడ్డాడు. కాకులు తాటిచెట్టు మీదే ఉన్నాయి.

"జరుగుండ్రి" అని పెద్దోడు అన్నాడు. ఎవరూ జరగలేదు. వాడి తండ్రి దగ్గర ఉన్న తువ్వాల వాడి దగ్గర లేదు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. గట్టిగా అన్నాను. "గా నాడు ఆయన కాకితోని ఏమన్నడో నాకు చెప్పిండు. ఇనాలనున్నోళ్లు నా ఎంబడి రాండ్రి."

అని తిరిగి చూడకుండా ఒడ్డెక్కి రోడ్డు వైపు నడిచాను. వెనక ఇసుకలో అడుగుల చప్పుడు. ఊరంతా నా వెంట వస్తోంది తమ్ముడూ, ముసలివాళ్లు, చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు, అందరూ. సన్నటి మంచులాంటి వాన మొదలైంది. ఆ నడక నాకు కలలో నడిచినట్టే ఉంది. రోడ్డు మీద మైలురాయి దగ్గర ఆగి తిరిగాను. అన్ని మొహాలూ నా నోటివైపే. నిన్ను అప్పుడు నస్పూర్‌లో ఎట్లా చూశారో నాకు ఆ క్షణాన తెలిసింది. ఎంత పెద్ద కథైనా చెప్పి ఉండేదాన్ని, నమ్మి ఉండేవాళ్లు.

"గీ జనాన్ని నేను పంపిస్త, నువ్వు నిమ్మలంగ తిను అన్నడు. గంతే" అన్నాను.

వెనకనుంచి ఒకడు "గింతేనా?" అన్నాడు. నిజంగా బాధపడి అన్నాడు, పాపం. ఇంకొందరు తల దించుకున్నారు. నూలు ఆపిన సేట్ కొడుకు గొడుగు ముడిచి వానలోనే నిలబడ్డాడు.

విస్తరి దగ్గర మా పెద్దోడు, దేవవ్వ మాత్రమే మిగిలారు. ఆమె నా వెంట రాలేదు. ఆమెకు ఆ మాట వినవలసిన పని ఎన్నడూ లేదు. దూరం నుంచి ఆమె చెయ్యెత్తడం కనిపించింది. కాకి ముట్టింది. ఒకటి కాదు, చెట్టు మీది కాకులన్నీ దిగాయి.

కాకికి జనమంటే భయం. పన్నెండేళ్లు మేమెవరమూ అనుకోని సంగతి అది. తినమని పిలిచిందీ మేమే, తిననియ్యనిదీ మేమే.

దేవవ్వ రాత్రికి మా ఇంట్లోనే ఉంది. ఇద్దరం కలిసి తిన్నాం. సిద్దిరాములును ఎవరు చంపారన్నది మేము మాట్లాడుకోలేదు. ఆయనకు ఏ రంగు ఇష్టమో చెప్పింది. పసుపట.

ఈ ఉత్తరం పైకి చదువుతావో, చదువుకుని దాచుకుంటావో నీ ఇష్టం. ఇక నేను దేనికీ భయపడను. దారులు బాగయ్యాక పాపను తీసుకుని రా. మీ బావ మంచం ఖాళీగానే ఉంది, నీ పగటినిద్రకు పనికొస్తుంది.

నాకు పెట్టే నాడు కూడా ఎన్నటికైనా వస్తుంది కదా. ఆనాడు ఎంత వరద ఉన్నా నువ్వు రావాలి. వచ్చి, విస్తరికి జర దూరంగా నిలబడు.

నీ అక్క
అనసూర్య